సాయంత్రం ఏడు గంటల దిగులు

నాన్నా,

నీ రూమ్మేటు ఖాళీ చేశాక బెంగళూరులో ఆ ఒంటిగది ఇంట్లో నువ్వొక్కడివే ఉంటున్నావు. "ఎలా ఉన్నావురా" అని అడిగితే "ఏదోలా ఉందమ్మా" అంటున్నావు. ఆ "ఏదోలా" గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

ఏదోలా ఉన్నప్పుడు ముందు దానికి సరైన పేరు పెట్టు. మన తెలుగులో ఇందుకు బోలెడు మాటలున్నాయి, ఒకటి ఇంకోటి కాదు. బెంగ మనిషి మీదో ఇంటి మీదో పెట్టుకునేది. గుబులు రాబోయేదాని గురించి: రేపు మీటింగులో ఏమంటారో, ప్రాజెక్టు అయిపోతే ఏమిటో. దిగులు కారణం చెప్పలేని బరువు. తప్పు నీది కాదని తెలిసీ నోరెత్తలేకపోతే లోపల మండేది ఉక్రోషం. ఇక చిరాకు చాలాసార్లు మనసుది కానే కాదు, పొట్టదో నిద్రదో. పేరు తప్పితే మందూ తప్పుతుంది. ఆకలి చిరాకును దిగులనుకుని మంచమెక్కితే, కాసేపటికి అది నిజంగానే దిగులవుతుంది.

చిరాకైతే ఆఖరిసారి ఎప్పుడు తిన్నావో చూసుకో. ఐదు గంటలు దాటితే ముందు తిను, ఆ తర్వాత ఆలోచించు. సాయంత్రం కాఫీ కూడా తగ్గించరా. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగితే పదకొండింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. నాలుగు దాటాక వద్దు.

గుబులైతే కాగితం తీసుకుని నిలువునా గీత గియ్యి. ఎడమవైపు నీ భయం, కుడివైపు అందులో నువ్వు చేయగలిగింది, ఎప్పటికల్లా అన్నది. కుడివైపు రాయడానికేమీ లేకపోతే ఆ భయం ఇవాళ్టికి నీ పని కాదు. ఇది భోజనానికి ముందు పావుగంట చెయ్యి, పడుకునే వేళ మాత్రం వద్దు, ఆ భయాలన్నీ పక్కలోకి వస్తాయి. గుండె దడగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది కాబట్టి వదలడమే పొడుగ్గా ఉండాలి. గబగబా, బలవంతంగా పీలిస్తే తల తిరుగుతుంది.

బెంగైతే నాకు ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. కాకపోతే కూర తరుగుతూ స్పీకర్లో పది నిమిషాలు చాలు. గంటసేపు వీడియో కాల్ చేస్తే పెట్టేశాక గది మరింత బోసిగా కనిపిస్తుంది.

అన్నిటికంటే మొండిది దిగులు. అది పోయాక లేచి పని చేద్దాం అనిపిస్తుంది. కానీ దాని వరస తిరగేసి ఉంటుంది నాన్నా, ముందు ఒళ్ళు కదలాలి, మనసు వెనకాల వస్తుంది. నీకు గండం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా. ఆఫీసు నుంచి రాగానే మంచం మీద వాలి ఫోన్ తీస్తే తొమ్మిదవుతుంది. ఆకలి చచ్చిపోతుంది, ఏదో ఆర్డర్ పెట్టి పదిన్నరకు తింటావు, నిద్ర చెడుతుంది, పొద్దున లేవలేవు. అందుకని లోపలికి రాగానే లైటు వేసి, అరగ్లాసు కందిపప్పు కడిగి నానబెట్టి స్నానానికి వెళ్ళు. వచ్చేసరికి పప్పు నాని ఉంటుంది, పొయ్యి వెలిగించక తప్పదు.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే గిన్నెలో పెట్టిన పప్పు మన ఊళ్ళో కంటే ఆలస్యంగా ఉడుకుతుంది. ఆ చిన్న కుక్కరే వాడు. గ్లాసున్నర నీళ్ళు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వెయ్యి. ఆ నూనె నురగ పొంగి విజిల్‌కు అడ్డం పడకుండా. నాలుగు విజిల్స్ వచ్చాక సన్న మంట మీద ఐదు నిమిషాలు. టమాటా, చింతపండు ముందే వేస్తే పులుపుకి పప్పు బిరుసుగా ఉండిపోతుంది. మెదిపాకే వేసి మరో పొంగు రానివ్వు. తాలింపులో ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి, ఆఖరున వెల్లుల్లి, కరివేపాకు. ఆ రెండు నిమిషాలు చూపు తిప్పితే మాడి చేదెక్కుతుంది. దిగులుగా ఉన్న మనిషికి అలా కన్నార్పకుండా నిలబెట్టే పని చాలా మంచిది. కంచం పెట్టుకుని, కూర్చుని తిను. కుక్కర్లోంచి నిలబడి తింటే తిన్నట్టే ఉండదు.

ఆదివారం సాయంత్రం దాకా గదిలో ఉండిపోకు. హూడిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా కబ్బన్ పార్కు స్టేషన్లో దిగొచ్చు. ఆదివారం పార్కు లోపలి రోడ్ల మీదికి బళ్ళను రానివ్వరు. పొద్దున్నే వెళ్ళు, ఆ వెలుతురు కంట్లో పడితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకుని అరగంట నడువు. మొదటి పది నిమిషాలు బుర్రలో రొద ఎక్కువవుతుంది, అక్కడే చాలామంది ఫోన్ తీసేస్తారు. ఆ కాస్తా ఓర్చుకుంటే తర్వాత ఒక్కడివే ఉండడం బాగుంటుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాల పాటు రోజులో చాలాసేపు దిగులు వదలకపోతే, నిద్రా తిండీ చెడితే, దేని మీదా ఇష్టం పుట్టకపోతే, అది నీ బద్ధకం కాదు, వైద్యం కావలసిన సంగతి. టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఏ వేళనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకు, అర్ధరాత్రయినా ఆ 14416కూ, నాకూ అప్పుడే ఫోన్ చెయ్యి. నాకేదో అవుతుందని దాచకు. నాకు తెలియకపోవడమే నాకు కష్టం.

శనివారం రాత్రి బస్సులో కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాను. పచ్చడిలో తడి చెంచా పెట్టకు, బూజు పడుతుంది. పైన నూనె తేలి ఉండాలి, తగ్గితే నువ్వులనూనె కాచి, చల్లార్చి పొయ్యి. కుక్కర్ గాస్కెట్ వదులైందన్నావు కదా, కొత్తది కూడా ఆ సంచిలోనే పెట్టాను.

అమ్మ