మెకానికల్‌లో చేరేవారికి ఇది చెప్పండి

సంపాదకులకు,

వరంగల్, కరీంనగర్ వైపు మెకానికల్ బీటెక్‌లో చేరుతున్న పిల్లలకు డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. వారానికి గంట పాఠానికి ఒక క్రెడిట్, ల్యాబ్‌కైతే రెండు గంటలకు ఒకటి. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. వైద్య కారణాలు చూపితే 65 దాకా మన్నిస్తారు. అంతకు తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

అసలు దెబ్బ వేరేచోట తగులుతోంది. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక వస్తువుపై పనిచేసే బలాలన్నీ చూపే బొమ్మ) గీయడం రాని విద్యార్థి, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో బెండింగ్ మూమెంట్ (కడ్డీని వంచే బల ప్రభావం) దగ్గర ఆగిపోతాడు. అది రాకుండా మెషిన్ డిజైన్‌లో షాఫ్ట్ (యంత్రంలో తిరిగే ఇరుసు) వ్యాసం ఎలా తేలుస్తాడు? ‘బ్యాక్‌లాగే కదా, తర్వాత రాద్దాం’ అని వదిలేసిన ఒక్క పేపరు మూడు సబ్జెక్టులను కూలుస్తుంది. ల్యాబ్ సంగతి మరీ బాధాకరం. లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద ఒకరు పనిచేస్తే పదిమంది చూసి రికార్డు రాసుకుంటున్నారు. 0.02 మిల్లీమీటర్ల దాకా కొలిచే పరికరమైన వెర్నియర్ కాలిపర్‌పై కొలత చదవడం రానివారు చివరి ఏడాదిలోనూ ఉన్నారు.

కళాశాలలు ల్యాబ్ బ్యాచ్‌లను చిన్నవి చేయాలి. మెకానిక్స్‌లో వెనకబడినవారికి మిడ్ పరీక్ష మార్కులు రాగానే విడిగా తరగతులు పెట్టాలి.

– ఒక మెకానికల్ అధ్యాపకుడు, హనుమకొండ