మూన్‌లైట్ బంగళా వరండాలో ఖాళీ కుర్చీ

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. 1967లో కనిపించకుండా పోయిన పట్టు వ్యాపారి జిమ్ థాంప్సన్ సంగతిలో "శవం దొరకలేదంటే ఎవరో మాయం చేసినట్టే" అని నువ్వు రాసిన మాటను చాలాసార్లు చదువుకున్నాను. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసినవాడివి కనుక నీ మాటను తేలిగ్గా తోసెయ్యలేను. అయినా కిందటి నెల, ఆయన మాయమైన మలేషియాలోని కామెరాన్ హైలాండ్స్‌లో నాలుగు రోజులు ఉండి వచ్చాక నా మనసు ప్రమాదం వైపే మొగ్గుతోంది.

1967 మార్చి 26, ఈస్టర్ ఆదివారం. థాయ్ పట్టుకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఆ అమెరికన్‌కు అంతకు అయిదు రోజుల క్రితమే 61 ఏళ్లు నిండాయి. ఉదయం చర్చికి వెళ్లాడు, మిత్రులతో వనభోజనం చేశాడు, బస చేసిన మూన్‌లైట్ బంగళాకు తిరిగి వచ్చాడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా, మూడున్నర ప్రాంతంలో వరండాలో కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత అడుగుల చప్పుడు ఆ ఇంటి దంపతులకు వినిపించాయి. ఆ పైన ఆయన ఆచూకీ లేదు. సిగరెట్లు, పిత్తాశయంలో రాళ్ల నొప్పికి వాడే మాత్రలు బంగళాలోనే ఉండిపోయాయి.

మన దారులు చీలేది ఇక్కడే. ఎవరో పిలిస్తే బయటికి వెళ్లాడు కనుకనే అవి వెంట తీసుకోలేదని నువ్వంటావు. కాసేపు నడిచి వద్దామనుకున్న మనిషి కూడా వాటిని వదిలే వెళ్తాడు కదా! ఒకే వస్తువు రెండు కథలకూ సాక్ష్యం చెబుతున్నప్పుడు దాన్ని తక్కెడలో ఏ పళ్లెంలోనూ వెయ్యకూడదని నా అభిప్రాయం.

నాకు బరువుగా తోచింది ముందు రోజు సంగతి. ఆ శనివారం ఆయన, ఆ ఇంటి యజమాని కలిసి పాత అడవి బాట పట్టి, దారి తప్పి, చివరికి గోల్ఫ్ మైదానం దగ్గర బయటపడ్డారు. నిన్న చిక్కుపెట్టిన బాటను ఇవాళ ఒంటరిగా తేల్చుకోవాలన్న పట్టుదల ఆ వయసులో, అందులోనూ యుద్ధకాలంలో అమెరికా గూఢచారి విభాగమైన ఓఎస్ఎస్‌లో పనిచేసి, అడవులంటే జంకు లేని మనిషికి, కలగడం సహజం. నేను గైడుతో అలాంటి బాటలోనే నడిచాను సత్యం. పక్కకు పది అడుగులు వేసి వెనుదిరిగితే బాట కనిపించలేదు. వేళ్ల మీద పరుచుకున్న నాచును నేలనుకుని కాలు మోపితే మోకాలి దాకా దిగబడింది. గైడు చెయ్యి అందించకపోతే ఏమయ్యేదోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు కోసం నల్లమలను గాలించినప్పుడు, అన్ని బలగాలు ఉండి కూడా, పావురాలగుట్ట మీద శకలాలు కనిపించడానికి మర్నాటి ఉదయం దాకా పట్టింది. అంత పెద్ద యంత్రాన్నే ఒక రాత్రంతా దాచిన అడవికి ఒక్క మనిషి ఎంత?

నీ వాదనలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. మూడు వందల మందికి పైగా, ఒరాంగ్ అస్లీ ఆదివాసులతో సహా, రోజుల తరబడి వెతికితే చిన్న గుడ్డపేలిక కూడా దొరకలేదు. ఆ అడవులను, ఆ ఆదివాసులను బాగా ఎరిగిన రిచర్డ్ నూన్ కూడా స్వయంగా వెతికి, థాంప్సన్ అడవిలో లేడనే తేల్చాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 1974లో చట్టం ఆయన్ను మృతుడిగా ప్రకటించింది. 2024 దాకా అమలులో ఉన్న మన పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లోదీ అదే ఏడేళ్ల లెక్క, కానీ ఆ లెక్క ఎలా పోయాడో చెప్పదు.

అపహరణ అంటే మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే నమ్మదగిన బేరమేదీ ఎవరి నుంచీ రాలేదు. కాంబోడియాకు ఎత్తుకుపోయారన్న, అతీంద్రియ శక్తులున్నాయని చెప్పుకున్న పీటర్ హర్కోస్ దివ్యదృష్టిని పక్కన పెడదాం. మలయా కమ్యూనిస్టులు చంపారని 2017లో వచ్చిన కథనం చనిపోయినవాడు చెప్పగా విన్నామన్న సాక్ష్యం, దాని విలువ నీకు నేను చెప్పాలా? ఆయన మాయమైన 1967లోనే, ఆగస్టులో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆయన అక్క హత్యకు గురైంది, హంతకుడు దొరకలేదు. ఆ కుటుంబాన్ని తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది కానీ, రెండింటినీ కలిపే దారం ఒక్కటీ నాకు కనిపించలేదు.

ఇక మిగిలింది లారీ ఊహ. ఆ కొండ రోడ్డు మీద ఏదో బండి గుద్దేసి, భయంతో డ్రైవరు శవాన్ని పాతిపెట్టాడని కొందరంటారు. అప్పుడది ప్రమాదంగా మొదలై నేరంగా మారినట్టు, అడవిలో ఏమీ దొరకకపోవడానికీ కారణం కుదురుతుంది. నేను మొగ్గే కథ కన్నా ఇదే నన్ను ఎక్కువ వేధిస్తోంది. నీ సర్వీసులో గుద్ది శవాన్ని దాచినవాళ్లను చూసే ఉంటావు. అలాంటివాడు భార్యతోనైనా చెప్పకుండా జీవితాంతం నోరు మూసుకుని ఉండగలడా? ఆ ఒక్క ప్రశ్నకు నీ అనుభవం ఏం చెబుతుందో వివరంగా రాయి.

చెల్లెమ్మకు నా నమస్కారాలు.

నీ
మూర్తి