దాచుకున్న నీళ్లు మా బాబు కోసం పోసిన మా గల్లీకి కృతజ్ఞతలు

మహబూబ్‌నగర్ వీరన్నపేటలో మా గల్లీ వాళ్లందరికీ, ప్రభుత్వ ఆస్పత్రి పిల్లల వార్డు సిబ్బందికి నా భార్య, నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాం. వేడినీళ్లు పడి కాలిన మా బాబు కోలుకున్నాడు. వాడికింకా రెండేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఎడమ మోచేయి ఇప్పుడు పూర్తిగా చాపుతున్నాడు, ముడుస్తున్నాడు. వేరే చోట నుంచి చర్మం తీసి అతికించే అవసరం రాలేదు. ఇందులో ఆస్పత్రి వైద్యం ఎంత ఉందో, ఆస్పత్రికి బయలుదేరే ముందు మా వాకిట్లో జరిగింది కూడా అంతే ఉందని డాక్టరు గారే చెప్పారు. అందుకే ఎవరు ఏం చేశారో వివరంగా రాస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

సంక్రాంతి ముందటి చలి రోజులవి. నేను జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ఫ్యాక్టరీలుండే పారిశ్రామిక వాడలో) ఉదయం షిఫ్టులో ఉన్నాను. స్నానానికి కాచిన నీళ్ల బకెట్టును చన్నీళ్లు కలపడానికి బాత్రూమ్ గడప దగ్గర దింపారు. బాబు పరుగున వచ్చి బకెట్టు అంచు పట్టుకుని లాగాడు. ఎడమ చేయి, పొట్ట పక్క, తొడ కాలాయి. రెప్పపాటులో జరిగిపోయింది. 60 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు పసిపిల్లల పలుచని చర్మాన్ని ఒకటి రెండు సెకన్లలోనే లోతుగా కాలుస్తాయట.

కేక వినగానే కుట్టుమిషను మీద నుంచి లేచి వచ్చింది పక్కింటి అక్క. ఆమె ఒకప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేశారు. వస్తూనే బాబు స్వెట్టరు, లోపలి బనియను తీసేశారు. ఉన్ని స్వెట్టరు వేడినీటిని పీల్చుకుని ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది, తీయకపోతే కాలుతూనే ఉంటుంది. తర్వాత కత్తెరతో మొలతాడు కత్తిరించారు. చేతి వెండి కడియం అప్పటికే బిగుసుకుంటోంది. దాన్ని తిప్పి తిప్పి లాగేశారు. వాపు వచ్చాక అది రాదు, రక్తం ఆడనివ్వదు. ఇంత తొందరలో కూడా కడియం సంగతి ఆమెకు తట్టింది చూడండి, ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఆమె కాళ్లకు మొక్కాలనిపిస్తుంది.

ఆ తర్వాత నీళ్లు. కాలిన చోట మామూలు చన్నీళ్లు 20 నిమిషాలపాటు ఆగకుండా పారాలి. పైన వేడి తగ్గినట్టు కనిపించినా చర్మం లోపల కాలడం ఆగదు కాబట్టి అంతసేపు పోయాలి. ఆ రోజు మాకు నల్లా వచ్చే రోజు కాదు. మా డ్రమ్ములో నీళ్లు అడుగంటి ఉన్నాయి. పాలమూరులో నీళ్లంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? నల్లా రాని రోజున ప్రతి ఇంట్లో చెంబు లెక్కన వాడతాం. అలాంటిది ఒక్కొక్కరూ తమ ఇంటి బిందె ఎత్తుకొచ్చారు. ఒక బిందె ఖాళీ కాకముందే ఇంకొకటి వచ్చి పక్కన నిలిచిందని నా భార్య చెప్పింది. ధార తెగలేదు. వాకిలి నిండి, నీళ్లు మోరీ దాటి రోడ్డు మీదికి పోయాయట. మరునాటిదాకా వంటకు, కడుగుళ్లకు దాచుకున్న నీళ్లవి. మా బాబు చేతి మీదుగా పారిన ప్రతి చెంబుకూ నేను రుణపడి ఉన్నాను.

చేసినవాళ్లకే కాదు, చేయకుండా ఆగినవాళ్లకు కూడా దండం పెట్టాలి. ఎదురింటి పెద్దమ్మ గారు పసుపు, కొబ్బరినూనె కలిపి గిన్నెతో వచ్చారు. గల్లీలో ఎవరికి దెబ్బ తగిలినా ఆమె మాటే చెల్లుతుంది. "వద్దు పెద్దమ్మా, నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు" అని అక్క అంటే, అంత పెద్దావిడ చిన్నబుచ్చుకోకుండా గిన్నె పక్కన పెట్టి, లోపలికి వెళ్లి తాత గారి ఉతికిన ధోవతి తెచ్చారు. టూత్‌పేస్టు పట్టుకొచ్చిన తమ్ముడు, దుకాణం నుంచి ఐసు ముక్కలు తెచ్చిన అన్న కూడా ఎందుకని అడగకుండా వెనక్కి తీసుకెళ్లారు. ఐసు పెడితే రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతుకు పోతుందట. పసుపు, పేస్టు రాస్తే గాయం ఎంత లోతుందో డాక్టరుకు కనబడదు. దాన్ని పచ్చిపుండు మీద రుద్ది కడగాల్సి వస్తుంది, చీము పట్టే ప్రమాదం వేరే. పెద్దమ్మా, ఆ క్షణంలో మీరు మాట విన్నారు. ఇంతకంటే పెద్ద వైద్యం లేదు.

గాయం మీద ఆ ధోవతి వదులుగా కప్పి, చలికి బాబు వణకకుండా మిగతా ఒళ్లంతా దుప్పటి చుట్టారు. 108కు ఫోను కలుపుతుండగానే బడిపిల్లలను దింపి వస్తున్న ఆటో అన్న గల్లీ మొదట్లో కనిపించారు. క్లాక్ టవర్ రద్దీలో పడకుండా వెనక దారుల్లో తీసుకెళ్లారు. నేను జడ్చర్ల నుంచి వచ్చేదాకా అక్కడే ఉన్నారు. కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆస్పత్రిలో డాక్టరు గారి మొదటి ప్రశ్న, "ఎంతసేపు నీళ్లు పోశారు, పైన ఏం రాశారు?" అని. ఏమీ రాయలేదని అక్క చెప్పగానే ఆయన తల ఊపి, "మంచి పని చేశారమ్మా" అన్నారు. బాబు అరచేతినే కొలతగా పెట్టుకుని కాలిన చోటును లెక్కగట్టారు. వేళ్లతో సహా ఎవరి అరచేయి వారి ఒంటిలో సుమారు ఒక శాతమట. పిల్లల్లో పది శాతానికి చేరితే ఒంట్లో నీరు తగ్గిపోతుంది, సెలైను ఎక్కించాలి. మా వాడిది ఆ దరిదాపుల్లోనే ఉంది.

కట్లు మార్చిన నర్సమ్మ గారి ఓపికను ఏ మాటల్లో చెప్పాలో తెలియడం లేదు. పాత కట్టు గుడ్డను ఒక్కసారిగా లాగేవారు కాదు. సెలైనుతో తడిపి, అది నానేదాకా బాబుతో మాటలు చెబుతూ కూర్చుని, అంచు నుంచి గోరంత గోరంత ఎత్తేవారు. బొబ్బలను చిదమవద్దని మాకు మళ్లీ మళ్లీ చెప్పారు. నొప్పికి వాడు చేయి ముడుచుకునే పడుకునేవాడు. అలాగే మానితే చర్మం బిగుసుకుని చేయి వంకరగా ఉండిపోతుందని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ వచ్చి, రంగు బంతిని వాడికి అందీ అందనంత ఎత్తులో పట్టుకునేది. వాడు ఆటనుకుని చేయి చాపేవాడు. అమ్మా, నీకు మంచి జరగాలి.

వార్డులో మిగతా మంచాల వైపు చూస్తే గుండె తరుక్కుపోయేది. గాలిపటం ఎగరేస్తూ మేడ మీద నుంచి పడిన అబ్బాయి, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టిన ఫినాయిలు తాగిన పాప. పల్లీలు పండే జిల్లా మనది, పల్లి గింజ గొంతులో అడ్డుపడి ఊపిరాడక వచ్చే పసివాళ్లు కూడా ఉంటారని నర్సమ్మ చెప్పారు. ఇవేవీ అడవిలోనో, హైవే మీదనో జరిగినవి కావు. ఇరుకు ఇళ్లు, వాకిట్లో సంపు, గడప దాటితే బండ్లు తిరిగే రోడ్డు ఉన్న మనలాంటి బస్తీల్లో, తల్లి నాలుగడుగుల దూరంలో ఉండగా జరిగినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2008లో ఇచ్చిన నివేదికలో, ప్రమాదవశాత్తు తగిలే గాయాలతో ప్రపంచంలో రోజుకు 2,000 మందికి పైగా పిల్లలు చనిపోతున్నారని ఉంది. బాబు మంచం పక్కన కూర్చుని ఆ సంఖ్య చదివాక ఆ బిందెలే నా కళ్ల ముందు తిరిగాయి.

ఇంకొక్క సంగతికి ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పాలి. ఇన్ని రోజుల్లో గల్లీలో ఒక్కరు కూడా నా భార్యను "చూసుకోవద్దా" అని అనలేదు. బయట ఇలాంటి మాటలు తల్లుల మీద ఎంత తేలికగా పడతాయో అందరికీ తెలుసు. మా పెద్దపాపకు అన్నం పెట్టి, జడ వేసి, బడికి పంపారు. ఆస్పత్రికి సద్దన్నం డబ్బా వస్తూనే ఉంది. ఆ డబ్బాలు ఎవరివో గుర్తుపట్టి ఒక్కొక్కటిగా తిరిగి ఇస్తున్నాం.

ఇంటికి వచ్చాక అక్క మా గల్లీ తల్లులను అంగన్‌వాడీలో కూర్చోబెట్టి, బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి ఆ తర్వాతే వేడినీళ్లు కలపాలని చెప్పారు. అలా చేస్తే పిల్లవాడు ఎప్పుడు చేయి పెట్టినా ఒట్టి కాగిన నీళ్లు ఉండవు. మేస్త్రీ అన్న మూడు ఇళ్ల సంపులకు గొళ్లెం ఉన్న ఇనుప మూతలు బిగించారు, కూలి అడగలేదు. ఆయనకూ నా నమస్కారం.

బిందెలు తెచ్చినవాళ్లందరినీ ఇంటికి వెళ్లి కలవాలని తిరుగుతున్నాను. ఆ గాభరాలో ఎవరెవరు వచ్చారో నా భార్యకు పూర్తిగా గుర్తులేదు. స్టేషను వైపు నుంచి వచ్చిన ఇద్దరు అక్కలు మా గల్లీ వాళ్లు కారని అంటున్నారు. ఒకరి బిందె, ఇత్తడిది, మెడ దగ్గర చిన్న సొట్ట ఉన్నది, మా ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్లెవరో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. నేనే తెచ్చి ఇస్తాను.