జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ: తిరగేసి గుణిస్తే సరిపోతుందా?

అయ్యా,

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న 1/2ని 1/4తో భాగించమంటే టక్కున 2 అంది. "భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేంటే?" అన్నాను. "1/4ని తిరగేసి గుణించాలి నాన్నా, అంతే" అంది. అరకిలో పంచదార ఇచ్చి పావుకిలో పొట్లాలు కట్టమన్నాను. రెండయ్యాయి. కాసేపు వాటివంకే చూసి, "అరలో ఎన్ని పావులున్నాయని అడగడమా ఇది!" అంది. (సగం పంచదార చీమల పాలైంది, అది వేరే సంగతి.)

టీచర్లను తప్పుపట్టను. సిలబస్ ముగించాలన్న టెన్షన్ వాళ్లది. తనిఖీకి వచ్చినవాళ్లు నోటుపుస్తకాలు దిద్దారా లేదా అని చూస్తారు. "ఎందుకలా?" అని పిల్లల్ని అడగరు.

పరీక్షలో ఒక్క ప్రశ్నయినా ఇలా ఇప్పించండి: "1/2 ÷ 1/4కి సరిపోయే బొమ్మ గీయండి, లేదా చిన్న కథ రాయండి." చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి, పిల్లల తప్పులు ముందు పెట్టుకోమనండి. 1/2 + 1/3 = 2/5 అని రాసిన పిల్లాడు పైవి పైవి, కిందవి కిందవి కూడాడు. సగానికి ఇంకొంత కలిపితే సగంకన్నా తక్కువెలా వస్తుందని వాణ్ణి ఎవరైనా అడిగారా?

ఈసారి మా బడికి వచ్చినప్పుడు రిజిస్టర్ల కంటే ముందు ఆ ప్రశ్న మీరే అడగండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి