జైలు నుంచి బయటికొచ్చిన మర్నాడు ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎక్కడ నేరం జరిగినా మర్నాడు వినబడే మాట ఒకటే, "లోపలేసి తాళం వెయ్యండి, ఏళ్లకేళ్లు బయటికి రానివ్వకండి" అని. ఆ కోపం నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనూ దొంగలు పడ్డారు. మేం వచ్చేసరికి బీరువా తలుపు ఊడి వేలాడుతోంది, అమ్మ బట్టలన్నీ నేల మీద కుప్పగా పడి ఉన్నాయి, వాటి మీద చెప్పుల గుర్తులు. ఎన్నిసార్లు ఉతికినా అమ్మ వాటిని మళ్లీ కట్టుకోలేదు. దొంగ దొరికాడు, జైలుకీ వెళ్లాడు. కానీ అమ్మ చాలా నెలల పాటు రాత్రి రెండింటికి లేచి గడియ వేసి ఉందో లేదో చూసుకుని వచ్చేది. "మీకేం కావాలమ్మా" అని ఆవిడని అడిగిన మనిషి లేడు. దొరికినవాడి వయసు పంతొమ్మిదేళ్లట, బయటికొచ్చిన ఏడాది తిరక్కుండానే ఇంకో దొంగతనంలో పట్టుబడ్డాడని తెలిసింది. అంటే మాకు ఒరిగిందీ లేదు, ఆ కుర్రాడు మారిందీ లేదు, ఇంకెవరి ఇంట్లోనో ఇంకో బీరువా విరిగింది. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్నాను.

జైళ్లు నింపితే నేరాలు పోతాయా అన్నదానికి జవాబు వెతకాలంటే ముందు అమెరికా వైపు చూడాలి. 1972లో అక్కడ లక్ష జనాభాకి 161 మంది జైళ్లలో ఉండేవారు, 2007కి ఆ సంఖ్య 767 అయింది. తొంభైల నుంచి అక్కడ నేరాలు తగ్గిన మాట నిజమే, కానీ అందులో జైళ్ల వాటా ఎంతో తేల్చడం కష్టమనీ, పెద్దదై ఉండకపోవచ్చనీ ఆ దేశపు నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అనే పరిశోధన సంస్థ 2014లో నివేదిక ఇచ్చింది. ఇంకో లెక్క చూడండి. 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైనవాళ్ల మీద ప్రభుత్వమే తొమ్మిదేళ్లు కన్నేసి ఉంచితే, మూడేళ్లలో 68 శాతం, తొమ్మిదేళ్లలో 83 శాతం మంది కనీసం ఒక్కసారి మళ్లీ అరెస్టయ్యారు. ఇంత ఖర్చు పెట్టి నడిపే ఏ పని అయినా ఇలాంటి ఫలితం ఇస్తే మనం ఊరుకుంటామా?

దీనికి కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గేటు దాటి బయటికొచ్చినవాడికి చేతిలో డబ్బుండదు, అద్దెకి ఇల్లు ఇచ్చేవాళ్లుండరు, పనికి వెళ్తే పాత కేసు గురించి అడుగుతారు, స్నేహితులంటే లోపల కలిసినవాళ్లే. మొదటి రెండు మూడు వారాల్లో అతన్ని పిలిచి అన్నం పెట్టేది ఎవరో వాళ్ల వెంటే వెళ్తాడు. నా బాధంతా ఆ మొదటి వారాల గురించే.

స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరం కథ నాకు బాగా గుర్తుండిపోయింది. కత్తిపోట్లకి యూరప్ అంతా పేరు మోసిన ఊరది. 2005లో అక్కడి పోలీసులే వయొలెన్స్ రిడక్షన్ యూనిట్ (హింస తగ్గించే విభాగం) అని ఒకటి పెట్టి, హింసని అంటురోగంలా చూడాలి, అది ఎక్కడ పుడుతోందో అక్కడికి వెళ్లాలి అన్నారు. 2008లో గ్యాంగుల్లో తిరిగే కుర్రాళ్లని కోర్టు హాల్లోకి పిలిచారు, విచారణకి కాదు, వినడానికి. ఇకనుంచి ఒకడు తప్పు చేస్తే గ్యాంగు మొత్తం మీద పడతామని పోలీసులు సూటిగా చెప్పారు. కత్తి గాయాలు కుట్టే డాక్టరు తన బల్ల మీదకి వచ్చే ముఖాలు ఎలా ఉంటాయో చెప్పారు. దాడిలో గాయపడ్డ కుర్రాడి తల్లి లేచి మాట్లాడింది. అంతా అయ్యాక వాళ్ల చేతిలో ఒక ఫోన్ నంబరు పెట్టారు, మానేద్దాం అనిపిస్తే ఈ నంబరుకి చెయ్యండి, చదువో, పనో, తాగుడు మానే వైద్యమో చూస్తాం అని. బెదిరింపూ ఆసరా ఒకే గదిలో, ఒకే రోజు! అక్కడ కత్తి పట్టుకు తిరిగేవాళ్లకి శిక్షలు కూడా పెంచారు, ఆ మాట దాచను. కానీ 2004-05 తర్వాత పదేళ్లలో స్కాట్లాండ్‌లో హత్యలు సగానికి పైగా తగ్గాయంటే అది ఒక్క శిక్షల వల్లే అని నేననుకోను.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో చేసింది ఇంకా చిన్న పని. చెత్తా పిచ్చిమొక్కలూ నిండిన ఖాళీ స్థలాలు 541 తీసుకుని, కొన్నిటిని అలాగే వదిలేసి, మిగతా వాటిలో చెత్త ఎత్తారు, వాటిలో కొన్నిటిలో నేల కూడా చదును చేసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ ఎత్తు తక్కువ చెక్క కంచె కట్టారు. పేద పేటల్లో అలా బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. తుపాకులు దాచే చోటు పోయింది, సాయంత్రం పూట జనం అరుగుల మీదకి వచ్చి కూర్చున్నారు, నలుగురి కళ్లూ వీధి మీద ఉన్నాయి. న్యూయార్క్‌లో పేదల కాలనీల్లో పెద్ద లైట్లు పెడితే రాత్రి పూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు 36 శాతం తగ్గాయి.

చికాగోలో 2012 వేసవిలో గొడవలు ఎక్కువున్న 13 బడుల పిల్లలకి ఎనిమిది వారాల పార్ట్ టైం పని ఇచ్చి, పక్కన ఒక పెద్ద మనిషిని తోడు పెట్టారు. లాటరీలో పని దొరికిన పిల్లలు, దొరకని పిల్లలతో పోలిస్తే, తర్వాతి పదహారు నెలల్లో హింస కేసుల్లో అరెస్టవడం 43 శాతం తక్కువ. పని అయిపోయాక కూడా ఆ తేడా నిలిచింది, నన్ను ఎక్కువ కదిలించింది అదే. ఖాళీ లేక నేరం చెయ్యలేదని కొట్టిపారెయ్యడానికి లేదు, ఆ కొద్ది వారాల్లో ఆ పిల్లల్లో ఏదో మారింది.

అందరినీ వదిలెయ్యమని నేనడగడం లేదు. పదేపదే మనుషుల మీద పడేవాణ్ణి, ఆడవాళ్లనీ పిల్లల్నీ వేధించేవాణ్ణి జనానికి దూరంగా ఉంచాల్సిందే. చిన్న దొంగతనానికీ, మత్తు అలవాటుకీ, కోపంలో చేసిన ఒక్క తప్పుకీ అదే తాళం ఎందుకన్నదే నా ప్రశ్న. కొత్త జైలు కట్టడానికి పెట్టే డబ్బులో కొంత విడుదలయ్యేవాడికి మూడు నెలల గది అద్దెకీ, ఒక పనికీ, వారానికోసారి పలకరించే మనిషికీ పెట్టండి. కొంత మా అమ్మలాంటివాళ్లకీ పెట్టండి, తాళం బాగుచేయించడానికీ, కాసేపు కూర్చుని ఆవిడ చెప్పేది వినడానికీ.

మీకూ ఒక విన్నపం. ఎవరికి ఎన్నేళ్ల శిక్ష పడిందో మీరు తప్పకుండా వేస్తారు. వాళ్లు బయటికొచ్చిన ఆరు నెలలకి ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో, పేర్లు లేకుండానే సరే, కనుక్కుని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు