రెండేళ్లు వయసు పెంచమన్నారు

సంపాదకులు గారికి,

నర్సంపేట బస్టాండ్ దగ్గర నాకు జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది. పొద్దున్నే మీ పేపరు చదివాకే షట్టర్ ఎత్తుతాను. జిల్లా పేజీలో ఓ మూలన 'బాలిక అదృశ్యం' అని తరచూ చిన్న వార్త వస్తుంది. అన్నిటికీ దాదాపు ఒకటే ముగింపు: బంధువుల ఇళ్లలో వెతికినా ఆచూకీ తెలియకపోవడంతో ఫిర్యాదు చేశారు. ఆ వెతకడంలో రెండు రోజులు పోతాయి, నలుగురికి తెలిస్తే పరువు పోతుందని ఇంకో రెండు రోజులు. కాజీపేటలో రైలెక్కించినవాడికి ఒక్క రాత్రి చాలు, మహారాష్ట్ర దాటిస్తాడు.

ఆడపిల్లల్ని అమ్మేవాళ్లు ముసుగు వేసుకుని వ్యానులో వస్తారని మనవాళ్లలో చాలామంది ఇంకా అనుకుంటున్నారు. నా షాపుకి వచ్చింది మాత్రం నలభై ఏళ్ల ఆడమనిషి. మంచి చీర, చేతిలో కవరు, పక్కన పిల్ల. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చాలట, రెండేళ్లు పెంచాలట. ఎందుకమ్మా అంటే సూరత్‌లో చీరల కంపెనీలో పని అంది. "ఏం చదివినవ్ బిడ్డా?" అని పిల్లనడిగాను. "పది ఫెయిలైంది మేడం, దానికేం తెల్వది" అని ఆమే చెప్పింది. ఊరి పేరు అడిగినా ఆమే చెప్పింది. పిల్ల ఫోన్ కూడా ఆమె బ్యాగులోనే ఉంది. పిల్ల నా కీబోర్డు వైపు చూస్తూ నిలబడింది తప్ప నోరు విప్పలేదు.

సూరత్ అనగానే అనుమానించే మనిషిని కాను. మా మేనమామ జీవితమంతా అక్కడి మగ్గాల మీదే గడిచింది. భివండీకి, సూరత్‌కి మన జిల్లాల నుంచి పోనివాళ్లున్న ఊరు అరుదు. కానీ పనికి పోయేవాళ్లకి ఎవరి దగ్గరికి పోతున్నారో, జీతమెంతో నోటిమీదుంటుంది. అంతెందుకు, రూములో ఎందరుంటారో కూడా చెబుతారు. ఈ పిల్లకి ఏ స్టేషన్‌లో దిగాలో కూడా తెలియదు. ఇంట్లోవాళ్లకి అడ్వాన్స్ ముట్టిందని మాత్రం ఆ ఆడమనిషే మాటల్లో అనేసింది.

సర్వర్ డౌన్ అని చెప్పి టీ తెప్పించాను. మా షాపుల్లో ఈ మాట ఎవరైనా నమ్ముతారు, సగం రోజులు అది నిజమే కాబట్టి. వెనక్కి వెళ్లి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. పిల్లల సంరక్షణ వాళ్లు, పోలీసులు వచ్చి ఇద్దరినీ తీసుకెళ్లారు. తర్వాత సంగతి నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

ఆ రోజు నుంచి నాకొకటే ఆలోచన. ఈ వ్యాపారం ఎంత రహస్యంగా నడిచినా దారిలో మాలాంటి వాళ్ల చేతుల మీదుగానే పోవాలి. జిరాక్స్ తీసేవాడు, ఆటోవాడు, ఐడీ లేకుండా రూమిచ్చే లాడ్జివాడు, రెట్టింపు అద్దె వస్తుందని ఏమీ అడగని ఇంటి ఓనరు. 2018లో యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి చిన్న ఆడపిల్లలను పోలీసులు విడిపించినప్పుడు, తొందరగా పెద్దవాళ్లలా కనబడాలని వాళ్లకి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని బయటపడింది. సూది వేయడానికీ ఎవరో ఒకరు కావాలి కదా.

మా వీధిలో నేను మాట్లాడినప్పుడల్లా ఒక మాట అడ్డమొస్తుంది: "ఇష్టపడే పోయింది, మనకెందుకు?" 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం, మోసం చేసో, ఆశపెట్టో, బెదిరించో తీసుకెళ్లి దోపిడీ చేస్తే ఆమె ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. మైనరైతే కనీసం పదేళ్ల జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. ఒక రోజు ఆగి రమ్మనడానికి పోలీస్ స్టేషన్‌కీ వీల్లేదు. పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిస్తే చుట్టాల ఇళ్లు తిరగకముందే స్టేషన్‌కి పోతారు.

అందుకే మీకు రాస్తున్నాను. అదృశ్యం వార్త కింద 1098, 112 (అత్యవసర సాయం), 181 (మహిళల హెల్ప్‌లైన్) నంబర్లు ఒక్క లైనులో వేయండి. 'ప్రేమ వ్యవహారమేనా?' అనే శీర్షిక మానేయండి, అది చదివాక ఏ తండ్రి ఫిర్యాదుకి వస్తాడు? దొరికిన పిల్ల పేరు లేకపోయినా ఊరు, తండా, తండ్రి వృత్తి రాస్తే మా దగ్గర ఎవరికైనా ఇల్లు తెలిసిపోతుంది. గుర్తుపట్టే వివరాలు ఏవీ రాయొద్దని చట్టం చెబుతోంది.

ఇంకొకటి, కాస్త చేదుగా ఉంటుంది. మీ చిన్న ప్రకటనల్లో 'ఆడవారు కావలెను, అనుభవం అక్కర్లేదు, భోజనం వసతి ఉచితం, వెంటనే జీతం' అని వస్తుంటాయి. కంపెనీ పేరుండదు, అడ్రసుండదు, సెల్ నంబరొక్కటే. అందులో సగం నిజమైన ఉద్యోగాలే కావచ్చు. నేను ఒక్క జిరాక్స్‌కి ఆధార్ అడుగుతున్నాను. ప్రకటన తీసుకునేటప్పుడు మీ ఏజెంట్లు అడ్రసూ, కంపెనీ కాగితమూ అడగలేరా?

నా పేరు అచ్చు వేయకండి. ఆ ఆడమనిషి తాలూకు వాళ్లకు నా షాపు తెలుసు.

— ఒక జిరాక్స్ షాపు యజమానురాలు, నర్సంపేట