పొయ్యి వేడితో దీపం

అయ్యా,

మన్యంలో ముసురు పట్టిందంటే వరసగా నాలుగు రోజులు ఎండ పొడ కనబడదు. సోలార్ దీపాలు సాయంత్రానికే నీరసపడతాయి. నేను పాడేరు వైపు ఒక కొండ ఊళ్లో పంతులుగా ఉన్నప్పుడు పిల్లలు పొయ్యి దగ్గరే చదువుకునేవారు. మంట వైపు చెంప కాగిపోయేది, పుస్తకం సగం చీకట్లోనే ఉండేది.

ఆ వేడినే కరెంటుగా మార్చే సాధనం థర్మోఎలక్ట్రిక్ జనరేటర్. బిస్మత్ టెల్యూరైడ్ అనే పదార్థంతో చేసిన బిళ్లకు ఒక పక్క వేడి, రెండో పక్క చల్లదనం ఉంటే కరెంటు పుడుతుంది. అరిగిపోవడానికి తిరిగే భాగమే లేదు. 1821లో జర్మన్ శాస్త్రవేత్త జీబెక్ గమనించిన సూత్రమిది. 1950లలో సోవియట్ పల్లెల్లో కిరోసిన్ దీపం వేడితో రేడియోలు మోగాయి. 1977లో బయల్దేరిన వోయేజర్ అంతరిక్ష నౌకలకు ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం వేడి నుంచి ఇలా పుట్టే కరెంటే ఆధారం.

వేడిలో నూటికి ఐదు వంతులు కరెంటైతే గొప్ప. ఖరీదూ తక్కువేం కాదు. అయినా ఒక ఎల్ఈడీ బల్బుకూ, సెల్‌ఫోన్ చార్జింగుకూ నాలుగైదు వాట్లు చాలు కదా! రెండు పూటలా పొయ్యి ఎలాగూ వెలుగుతుంది. చల్లటి పక్కన నీళ్ల గిన్నె పెడితే ఆ నీళ్లూ వేడెక్కి పనికొస్తాయి. గిన్నె ఎండిపోతే మాత్రం బిళ్ల దెబ్బతింటుంది, ఆ జాగ్రత్త ఇంట్లో ఆడవాళ్లకు ముందే చూపించాలి.

ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులు ఈ వానాకాలంలో కనీసం పది ఇళ్లలో వీటిని పెట్టించి చూడాలని వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం